చిన్న సైజు తొడుగులు

అయినా పరికరానికి మెడ ఉండకూడదని ఎక్కడుంది? సీసాకి లేదూ మెడ? కూజాకి లేదూ? నల్లటి దళసరి గుడ్డ మీద సుద్దముక్కతో పరికరాల తొడుగుకి గీత గీస్తూ కటింగ్ మాస్టరు తనకు తానే సర్దిచెప్పుకుంటున్నాడు. పైన గుండ్రంగా, కింద సన్నంగా ఉండే పరికరాలు లోకంలో బోలెడు. దుమ్ము పడకుండా వాటిని కప్పి ఉంచుతారు. కప్పింది జారిపోకుండా అడుగున నాడా లాగి బిగిస్తారు. ఇందులో వింతేముంది? పైనుంచి వచ్చిన కొలత వచ్చినట్టు కత్తిరించడం తన పని. చొక్కా కత్తిరించేవాడు అది వేసుకుని పెళ్లికి వెళతావా, చావుకి వెళతావా అని అడుగుతాడా?

ఆ ఆలోచన ఇన్నాళ్లూ సాఫీగానే నడిచింది. ఈ వారం వచ్చిన కొలత దగ్గర మాత్రం కాలికి ముల్లు దిగినట్టు కుంటుతోంది. ఆకారం అదే, నాడా అదే, గుడ్డ అదే. చుట్టుకొలత తగ్గింది. పొడవూ తగ్గింది. పరికరాలు చిన్నవయ్యాయి కాబోలు. ఈ రోజుల్లో అన్నీ చిన్నవే అవుతున్నాయి. రేడియోలు కాలేదూ?

అతను గీత పూర్తిచేసి సుద్దపొడి ఊదాడు. ఎత్తైన గోడ వెనక, బోర్డు లేని ఆ షెడ్డులో రెండు వరుసలుగా కుట్టుమిషన్లు రొద పెడుతున్నాయి. కుట్టేవాళ్లంతా ఆడవాళ్లు. పనిలో చేరిన రోజున ఒక్కొక్కరిచేతా రహస్యాల చట్టం పైకి చదివించారు. చదువురానివాళ్లు వెంట వెంట అన్నారు. ఇక్కడ ఏం కుడుతున్నదీ బయట చెప్పినవాళ్లకి పద్నాలుగేళ్ల జైలు. "పద్నాలుగేళ్లేనా! మా ఆయనతో ఇరవై చేశాను" అని ఆ రోజే అందర్నీ నవ్వించిన మనిషి మూడో మిషన్ దగ్గర కూర్చుంటుంది. ఇక్కడికి రాకముందు దర్జీ దుకాణాలకి కాజాలు కుట్టిపెట్టేది. ఇక్కడ కాజాల పనే లేదు గానీ పేరు మాత్రం కాజాలక్క అనే ఉండిపోయింది.

నిన్న సాయంత్రం కట్టలు కడుతుంటే చిన్న సైజులో ఒకటి తక్కువ వచ్చింది. కత్తిరించిన ముక్కలకీ కుట్టి వచ్చిన వాటికీ తేడా వస్తే సూపర్‌వైజరుకి చెప్పడం మాస్టరుకి ఏళ్లనాటి అలవాటు. "చిన్నవాటిలో ఒకటి తగ్గింది సార్" అన్నాడు. కత్తెర మొద్దుబారిందని చెప్పినట్టే చెప్పాడు. సూపర్‌వైజరు మొహం పాలిపోవడం చూశాడు కూడా. చూసి, చెప్పులు వేసుకుని, ఇంటికెళ్లి, తిని పడుకున్నాడు.

ఇనుప తలుపు భళ్లున తెరుచుకుంది. ముందు నలుగురు కానిస్టేబుళ్లు వచ్చారు. వాళ్ల వెనక ఒక బక్కపల్చటి ఆఫీసరు, తాపీగా, పెళ్లిచూపులకి వచ్చినవాడిలా అటూ ఇటూ చూస్తూ వచ్చాడు. కళ్లద్దాలు ఎంత మందమంటే వాటి వెనక కళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు. ఈయన్ని బయట అందరూ సోడాబుడ్డి అంటారు. మెల్లగా అంటారు.

"ఇక్కడ కాజాలక్కంటే ఎవరమ్మా?" అన్నాడు సోడాబుడ్డి.

మిషన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. మూడోది ఆగలేదు.

"ఉండండి బాబూ, ఈ వరస అయిపోనివ్వండి" అంది కాజాలక్క తల ఎత్తకుండా. "మధ్యలో ఆపితే కుట్టు వదులైపోతుంది."

ఒక కానిస్టేబులు వెనకనుంచి ఆవిడ జుట్టు చేతికి చుట్టుకుని లాగాడు. ఆవిడ కాలు పెడలు మీద బిగుసుకుపోయింది. మిషన్ ఒక్కసారిగా పరుగందుకుంది. చెయ్యి ఇంకా గుడ్డ మీదే ఉంది. సూది చూపుడువేలి గోటిలోంచి దిగి, లేచి, మళ్లీ దిగి, కిందున్న ఇనుపరేకుకి తగిలి పుటుక్కున విరిగింది. ఆవిడ కేక మాస్టరుకి చెవుల్లోంచి కాకుండా పళ్లలోంచి లోపలికి వెళ్లినట్టయింది. వేలు గుడ్డకి కుట్టుకుపోయి ఉంది. కానిస్టేబులు అది చూసుకోలేదు. రెండోసారి లాగాడు. దారం తెగింది, గోరు గుడ్డతోనే ఉండిపోయింది.

"చిన్నవి ఎవరికే?" కాజాలక్క నేలమీద మోకాళ్ల మీద నిలబడి మిషన్ల వరసవైపు తిరిగి అరుస్తోంది. "చెప్పండే! పిల్లల్ని కన్నారు కదే, వాళ్ల తలకాయ ఎంత ఉంటుందో తెలీదూ మీకు? పరికరాలంట, పరికరాలు!"

కానిస్టేబులు మోచేత్తో నోటి మీద కొట్టాడు. ఆవిడ ఉమ్మింది. ఉమ్ములో పన్ను పడింది. మళ్లీ నోరు తెరిచింది.

"మాటలు ఎక్కువగా ఉన్నాయి" అన్నాడు సోడాబుడ్డి విసుగు లేకుండానే. ఆఫీసరే మాస్టరు బల్ల దగ్గరికి వచ్చి, కుట్టడం పూర్తయిన పెద్ద సైజు కట్టలోంచి పైది తీశాడు. చేత్తో విదిలించి విప్పాడు. నడిచి వెళ్లి ఆవిడ తలమీద తొడిగి, గడ్డం కిందికి లాగి, నాడా బిగించాడు.

బాగా కుదిరింది, అనుకున్నాడు మాస్టరు.

అనుకున్నాక గాని ఏం అనుకున్నాడో అతనికి తెలియలేదు. మెడ దగ్గర ఒక్క ముడత లేదు. నాడా జారిపోతోందని మొదటి సరుకు తిరిగొస్తే, మెడ దగ్గర చిన్న మడతలు పెడదామని చెప్పింది తనే. ఇంకోసారి కొన్ని రిపేరుకి వచ్చాయి. ఉతికే పంపారు. ముందు భాగం లోపలినుంచి చిరిగి ఉంది. చిరుగు పక్కన రెండు వరసల గాట్లు ఉన్నాయి, పైన ఒకటి, కింద ఒకటి. రాపిడికి చిరిగిందని తనకు తాను చెప్పుకుని, ఆ చోట గుడ్డ రెండు పొరలుగా వేయించాడు. పనితనం అంటే ఇదీ అని సూపర్‌వైజరు భుజం తట్టాడు. ఇప్పుడు ఆ రెండు పొరలూ కాజాలక్క నోటి దగ్గర లోపలికి వెళుతున్నాయి, బయటికి వస్తున్నాయి, లోపలికి వెళుతున్నాయి. ఆవిడ అరుస్తూనే ఉందని దాన్నిబట్టే తెలుస్తోంది. శబ్దం మాత్రం పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నంత దూరంగా ఉంది.

ఆవిడని కాళ్లు పట్టి ఈడ్చుకుపోయారు. గడప దగ్గర తల రెండుసార్లు కొట్టుకుంది.

"పని కానివ్వండమ్మా" అన్నాడు సూపర్‌వైజరు.

ఇంటికొచ్చాక భార్య పళ్లెం ముందు పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయాడు.

"ఏమైందండీ? మొహం అలా పీక్కుపోయింది?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే చొక్కా మీద ఆ రక్తం ఎక్కడిది?"

చూసుకున్నాడు. కుడి చేతి మీద నాలుగు చుక్కలు ఎండి నల్లబడ్డాయి. తన బల్లకీ మూడో మిషన్‌కీ మధ్య అంత దూరం ఉంది, ఎలా పడ్డాయో.

"సూది గుచ్చుకుంది."

"ఎవరికి?"

అతను లేచి కిటికీ వేసి వచ్చాడు. రేడియో గొంతు పెంచాడు. "కాజాలక్కని పట్టుకుపోయారు. రహస్యం బయటపెట్టిందట."

"ఏం రహస్యం?"

"అది నీకు చెబితే నన్నూ పట్టుకుపోతారు."

ఆమె నీళ్ల చెంబు అతని పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది. "ముసుగుల సంగతేనా?"

అతనికి పొలమారింది. "నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? పట్టపగలు నడిరోడ్డు మీద తలలకి తొడిగి బండెక్కిస్తున్నారు. మనుషులు కళ్లు మూసుకుని తిరుగుతున్నారా? మీరొక్కరే, పాపం, ఇన్నాళ్లూ దాన్ని రహస్యంగా దాచుకున్నారు. అదీ నా దగ్గర."

అతను ఆమె నవ్వుతోందేమోనని చూశాడు. నవ్వడం లేదు.

"నేనడిగేది చిన్నవాటి సంగతి" అంది. "బడి నుంచి నినాదాలతో ఊరేగింపుగా వెళ్లిన పిల్లలు ఇళ్లకి రాలేదు. మేం ఎవర్నీ పట్టుకోలేదు, ఎటో పారిపోయారు అని ఇదిగో ఈ రేడియోలోనే రోజూ చెబుతున్నారు. వాళ్ల తల్లులు మీ గేటు ముందు నుంచే కదా పోలీసు కచేరీకి తిరుగుతున్నారు. కాజాలక్క చిన్నదొకటి తెచ్చి వాళ్లకి చూపించిందట. మీ పిల్లలు వీళ్ల దగ్గరే ఉన్నారమ్మా, పారిపోలేదు, గట్టిగా అడగండి అందట. పక్కింటావిడ అక్క కొడుకు కూడా ఉన్నాడు వాళ్లలో. ఆవిడే చెప్పింది." ఆగి మళ్లీ అడిగింది. "నిజమేనా? చిన్నవి కుట్టిస్తున్నారా?"

"ఒకటి తగ్గిందని నేనే చెప్పాను" అన్నాడు అతను.

ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. అయినా ఆమెకి అర్థమైంది. కాసేపు అతని వైపు, ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది. తిట్టలేదు. తిడితే తేలిగ్గా ఉండేది. గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడిగింది.

మర్నాడు పొద్దున్నే జీపు వచ్చి అతన్ని కచేరీకి తీసుకెళ్లింది. సోడాబుడ్డి లేచి నిలబడి మరీ కుర్చీ చూపించాడు.

"రండి మాస్టారూ. మీ పనితనం గురించి వినడమే గాని మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడింది లేదు. టీ తాగుతారా?"

టీ తాగాడు. ఖాళీ కప్పు బల్లమీద పెట్టాడు.

"రేపు కోర్టు. తలుపులు వేసి జరుపుతారు, భయపడక్కర్లేదు. మీరు సాక్షి. ఇది మీ దగ్గర కుట్టిందేనా అంటారు, అవునండి అంటారు. ఇదేంటి అంటారు, చెబుతారు. అంతే, ఇంటికి వెళ్లిపోవచ్చు." సొరుగు తీసి, చిన్న సైజుది ఒకటి బల్లమీద పరిచాడు. "ఇదేంటి?"

రాత్రంతా భార్య అడిగిన మాట అతని తలలో తిరుగుతూనే ఉంది. అందుకే అలా వచ్చేసింది. "ముసుగండి. చిన్న సైజు."

వెనకనుంచి చెంప మీద పడింది. తన వెనక ఎవరో నిలబడి ఉన్నారని అప్పటిదాకా అతనికి తెలియదు. కుర్చీతో సహా పక్కకి ఒరిగాడు. చెవిలో కుట్టుమిషన్ మొదలైంది. ఆ మనిషి కుర్చీని మళ్లీ నిలబెట్టి, అతన్ని జాగ్రత్తగా అందులో సర్ది కూర్చోబెట్టాడు.

"ఇదేంటి?"

"మీరే చెప్పండి సార్."

ఈసారి మెడ మీద, రబ్బరు గొట్టంతో. దెబ్బకి శబ్దం లేదు. కళ్ల ముందు పచ్చటి చుక్కలు లేచాయి.

"నేను చెబితే ఎలా? సాక్షి మీరు. పరికరాల తొడుగు అనాలి. అనండి."

"పరికరాల తొడుగు."

"ఇదేంటి?"

"పరికరాల తొడుగు."

"బయట దీన్ని ఏమంటారు?"

అడిగిన తీరు ఎంత మామూలుగా ఉందంటే అతను మళ్లీ పొరబడ్డాడు. "ముసు—"

వీపు మీద, భుజం మీద, మోకాళ్ల మీద. కిందపడ్డాడు. పడినవాణ్ణి బూటుతో డొక్కలో తన్ని, లేపి, మళ్లీ కూర్చోబెట్టారు. తాగిన టీ చొక్కా మీదికి వచ్చేసింది. అప్పటినుంచి సోడాబుడ్డి ఆ మాట రకరకాల దారుల్లో అతని నోటికి తేవడానికి ప్రయత్నించాడు. తలకి తొడిగేదాన్ని ఏమంటారు? మీ ఆవిడ అడిగితే ఏమంటారు? కలలో ఎవరైనా అడిగితే? నాలిక ఆ మాట వైపు కదిలినప్పుడల్లా వెనక చెయ్యి లేచేది. చివరికి చెయ్యి లేవకముందే అతని భుజం దానంతటదే పైకి ముడుచుకుని, తల పక్కకి వాలి, పెదవులు గట్టిగా మూసుకోవడం మొదలుపెట్టాయి. ఆ మాట ఎదురైతే చాలు, ఒళ్లంతా తలుపు వేసేసుకుంటోంది. పరికరాల తొడుగు అనగానే తెరుచుకుంటోంది. మనిషి ఇంత తొందరగా నేర్చుకుంటాడా అని, ఇంకెవరి గురించో ఆశ్చర్యపడ్డట్టు ఆశ్చర్యపడ్డాడు.

"బాగుంది" అని సోడాబుడ్డి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవి లేకుండా చూస్తే అతని కళ్లు నీళ్లు నిండి, ఎర్రగా, నిద్రలేనివాడి కళ్లలా ఉన్నాయి. "ఆవిణ్ణి తీసుకురండి. ఒకరినొకరు గుర్తుపట్టాలి కదా."

కాజాలక్కని చంకల కింద చేతులు వేసి పట్టుకొచ్చారు. తలమీద అదే ఉంది. నోటి దగ్గర తడి. తీశాక మాస్టరు ఎవరో వేరే మనిషిని తెచ్చారనుకున్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవి రెండుగా విడిపోయింది. వేళ్లకి చుట్టిన గుడ్డ, రంగునిబట్టి, చుట్టి చాలాసేపయింది. ఆవిడ రెండో కంటితో గది చూసింది, అతన్ని చూసింది. ఊపిరి తీసుకోవడానికి టైం పట్టింది.

"మాస్టారూ, మెడ దగ్గర ఏం పెట్టారండీ పనితనం!" అంది. మాటలు ఉబ్బిన పెదవుల్లోంచి ముద్దముద్దగా వస్తున్నాయి. "ఊపిరి కూడా బయటికి పోవడం లేదు."

అతను నేల చూపులు చూశాడు.

"ఈవిడేనా?" అన్నాడు సోడాబుడ్డి.

"ఈవిడే."

మళ్లీ తొడిగి పక్క గదిలోకి తీసుకెళ్లారు. గోడ అవతల దెబ్బలు పడుతుంటే పరుపు దులుపుతున్నట్టుంది. మధ్యమధ్య ఆవిడ గొంతు. ఆ గుడ్డ ఎంత మందమో, ఎంత చిక్కటి నేతో అతనికి తెలుసు. అందులోంచి ఇంత వినబడుతోందంటే లోపల ఎంత అరుస్తోందో కూడా తెలుస్తోంది. "మంచినీళ్లు తాగండి, మీ మొహం బాగాలేదు" అని సోడాబుడ్డి గ్లాసు అతని ముందుకి జరిపాడు. మాస్టరు తాగాడు.

మధ్యాహ్నానికి జీపు అతన్ని షెడ్డు గేటు దగ్గర దింపి వెళ్లింది. పని ఆగకూడదన్నారు. ఎండలో గోడ పక్కన ఏడెనిమిదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అతన్ని చూడగానే ఒకావిడ లేచి అడ్డం వచ్చింది. నలభై కూడా ఉండవు. జుట్టు దువ్వుకుని ఎన్నాళ్లయిందో.

"అన్నా, ఒక్క మాట."

అతను పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నోటితో చెప్పొద్దులే అన్నా, నీ ఉద్యోగం నీది. తల ఊపితే చాలు. ఆవిడ చూపించింది మీరు కుట్టిందేనా? మావాడు లోపలున్నాడంటే అన్నం పట్టుకుని అక్కడికైనా పోతాను. లేడంటే ఇంకెక్కడైనా వెతుక్కుంటాను. ఏదో ఒకటి తెలియాలి కదా. పద్నాలుగేళ్ల వాడన్నా. చీకట్లో పడుకోడు."

తల ఊపడానికి మెడ కదలలేదు. దెబ్బకి బిగుసుకుపోయిందో, మరెందుకో. "అమ్మా, మేం కుట్టేది…" అన్నాడు. ఆ వెనక రావలసిన మాట తెలుసు, రెండు మాటలు, పొద్దుటినుంచి నేర్చుకున్నవే. అవి కూడా ఈవిడ మొహం చూస్తుంటే నోటికి రాలేదు.

గేటు కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. "చెబితే అర్థం కాదూ మీకు? పొమ్మన్నానా లేదా?" కర్ర ఆవిడ ముంజేతి మీద పడింది. చొక్కా వదల్లేదు. రెండోది మొహం మీద పడింది. ముక్కులోంచి రక్తం గడ్డం దాకా ఒక్కసారిగా కారింది. అయినా పట్టు వదల్లేదు. కళ్లు మాత్రం మాస్టరు మొహం మీదనే ఉన్నాయి, జవాబు ఇప్పుడు వస్తుందా ఇప్పుడు వస్తుందా అన్నట్టు. మిగిలినవాళ్లు కాకుల్లా అరుస్తూ లేచారు. మాస్టరు చెయ్యి విదిలించుకున్నాడు. గుండీ తెగి ఎక్కడో పడింది. ఆవిడ మట్టిలో కూలబడింది. కాపలావాడు కర్ర ఎత్తి, ఎక్కడ కొట్టాలో చూసుకుని మరీ కొట్టాడు. మాస్టరు గేటులోని చిన్న తలుపులోంచి లోపలికి వెళ్లిపోయాడు.

షెడ్డులో ఎవరూ తల ఎత్తలేదు. అతను బల్ల దగ్గరికి వెళుతుంటే వరసలోంచి ఎవరిదో గొంతు వచ్చింది. "ఇవాళ సరిపోయాయా మాస్టారూ, ఏమైనా తగ్గాయా?"

ఎవరో నవ్వారు, నవ్వు కాని నవ్వు.

చిన్న సైజు గుడ్డ పొరలు పొరలుగా పరిచి సిద్ధంగా ఉంది. అతను కరెంటు కత్తెర ఆన్ చేశాడు. గీత మీదుగా నడిపించాడు. చెయ్యి ఎప్పటిలాగే వణక్కుండా నడిచింది, అదే అతనికి అసహ్యమనిపించింది. డొక్క నొప్పికి వంగలేక వంగుతూ ఒంపులన్నీ తిప్పాడు. మూడో మిషన్ దగ్గర ఇప్పుడొక కొత్త పిల్ల కూర్చుంది. ఇరవై ఏళ్లుంటాయేమో. ముక్కలు తీసుకోవడానికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"మాస్టారూ, చిన్నవాటికి కూడా ముందువైపు రెండు పొరలు వెయ్యాలా?"

"వెయ్యి" అన్నాడు.

ఆ పిల్ల వెళ్లి కూర్చుంది. మిషన్ చప్పుడు మొదలైంది. అతను నడుచుకుంటూ మరుగుదొడ్డిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, గోడకి నుదురు ఆనించి వాంతి చేసుకున్నాడు. కడుపులో ఏమీ లేదు. ఉత్త చేదు. పాలపళ్లు కావులే, అనిపించింది. పద్నాలుగేళ్లంటే గట్టిపళ్లే. కొరకగలవు. రెండు పొరలు ఉండాల్సిందే. ఈ లెక్క తన బుర్రలో తనే వేసుకుంటున్నానని గ్రహించి గోడకేసి నుదురు కొట్టుకున్నాడు. ఒకసారి కాదు. సున్నం రాలేదాకా కొట్టుకున్నాడు. తర్వాత మొహం కడుక్కుని వచ్చి మిగతావి కత్తిరించాడు.

కోర్టు గది అతను అనుకున్నంత పెద్దది కాదు. కిటికీలన్నీ మూసి, గడియలు వేసి ఉన్నాయి. పైన ఫ్యాను తిరుగుతున్నా జడ్జి మాటిమాటికీ మెడ తుడుచుకుంటున్నాడు. పెద్దాయన, అలసిపోయి ఉన్నాడు. కింద టైపు చేసే అమ్మాయి. పక్కన సర్కారు ప్లీడరు. తలుపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు. ముందు బెంచీలో సోడాబుడ్డి ఒక్కడే కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఇంకెవరికీ ప్రవేశం లేదు.

కాజాలక్క బోనులో కమ్మీల దగ్గర నిలబడింది. పట్టుకోవడానికి వేళ్లు పనికిరాక మోచేతులు ఆనించింది. ప్లీడరు నేరం చదివాడు. ముద్దాయి ప్రభుత్వ రహస్యాన్ని బయటివాళ్లకి వెల్లడి చేసింది. ఆ పైన, పరికరాల తొడుగుని చూపించి లేనిపోని పుకార్లు పుట్టించింది.

"అది పరికరాల తొడుగే అయితే రహస్యం ఎక్కడుంది బాబూ?" అంది కాజాలక్క. "రహస్యం అయితే పుకారెలా అవుతుంది? రెంట్లో ఏదో ఒకటి తేల్చుకుని కొట్టాల్సింది నన్ను."

టైపు చేసే అమ్మాయి చేతులు ఆగాయి. జడ్జి ఆ మాటలు రాయవద్దని ఆమెకి సైగ చేశాడు. "నీ వంతు వచ్చినప్పుడు మాట్లాడు" అన్నాడు ముద్దాయితో, చూడకుండానే.

మాస్టరుని పిలిచారు. ప్రమాణం చేయించారు. ప్లీడరు మర్యాదగా మొదలుపెట్టాడు. ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు? చెప్పాడు. ముద్దాయి మీకు తెలుసా? తెలుసండి. రహస్యాల చట్టం ఆవిడ మీ ఎదుటే చదివిందా? చదివిందండి. ఒక వస్తువు తగ్గిందని మీరు పైవాళ్లకి చెప్పిన మాట నిజమేనా?

"నిజమేనండి."

బోనులోంచి చిన్న శబ్దం వచ్చింది. అతను అటు చూడలేదు. ఆ సంగతి ఆవిడకి ఇప్పటిదాకా తెలియదని ఇప్పుడు తెలిసింది.

ప్లీడరు బల్ల మీద నుంచి ఆ చిన్న సైజు నల్లగుడ్డ తీసి అతని చేతికి ఇచ్చాడు. "బాగా చూసి చెప్పండి. ఇది మీ దగ్గర కుట్టిందేనా?"

తిరగేసి చూశాడు. కుట్టు కాజాలక్కది. పోగు పోగు పక్కన, తిన్నగా, ఎక్కడా వంకర లేదు. ఇది ఎవరికో తెలిసి కూడా ఆవిడ చెయ్యీ వంకరపోలేదు, తన చెయ్యిలాగే.

"మాదేనండి."

"ఇదేంటో కోర్టువారికి చెప్పండి."

చెబుదామనే అనుకున్నాడు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు కాదు, మెట్లు ఎక్కినప్పుడూ కాదు, ఇప్పుడే అనుకున్నాడు. ఆ మాట చిన్నది, ఊరందరికీ తెలిసింది. నాలిక దానివైపు కదిలింది. వెంటనే భుజం పైకి ముడుచుకుంది, తల పక్కకి వాలింది, పెదవులు మూసుకున్నాయి. వెనక ఎవరూ లేరు. అయినా మూసుకున్నాయి. ఇంకోసారి ప్రయత్నించాడు. "ప…" అని వచ్చింది. కచేరీలో నేర్పిన మాట వైపే నోరు తెరుచుకుంటోంది. దాన్ని పళ్ల మధ్య పట్టి ఆపాడు. నుదుటి మీది దెబ్బ మీదుగా చెమట కళ్లలోకి కారుతోంది.

"ఊఁ, పరికరాల…" అని ప్లీడరు అందించాడు, చిన్నపిల్లలకి పాఠం అందించినట్టు.

సోడాబుడ్డి కాలుమీది కాలు దించాడు.

కాజాలక్క తన చేతుల కట్లవైపు చూసుకుంటోంది. ఎవరి దగ్గరినుంచీ ఏమీ రాదని తేలిపోయిన మనిషి అలా చూసుకుంటుంది.

"సాక్షికి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు జడ్జి. "ఏమయ్యా, చేతిలో ఉన్నదాన్ని చూసి అదేంటో చెప్పడానికి ఇంతసేపా?"

మాస్టరు ఆ గుడ్డ అంచుని రెండు బొటనవేళ్లతో విడదీశాడు. ఎత్తి తన తలమీద పెట్టుకుని కిందికి లాగాడు. అది కనుబొమల దాకా వచ్చి ఆగిపోయింది. టైపు చప్పుడు ఆగింది. ప్లీడరు ఏదో అరుస్తున్నాడు, ఎవరో బెంచీ మీద నుంచి లేచిన చప్పుడు, బూట్లు తనవైపు పరుగెత్తుకొస్తున్న చప్పుడు. అతను జడ్జి వైపే చూస్తూ, రెండు చేతులతోనూ అంచులు పట్టుకుని, ఇంకోసారి గట్టిగా లాగాడు. దిగలేదు.